ఎవరిదీ కదలిక?

2006 అక్టోబరులో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం నుంచి దేశ సెనేట్‌కు జరిగే ఎన్నిక కోసం ఒక టీవీ ప్రకటన వచ్చింది. అందులో నటుడు మైకేల్ జె. ఫాక్స్ కెమెరా వైపు చూస్తూ, మూలకణాల పరిశోధనను సమర్థించే అభ్యర్థికి ఓటు వేయమని అడిగాడు. మాట్లాడినంతసేపూ అతని తల, భుజాలు, మొండెం పక్కలకు ఊగుతూనే ఉన్నాయి. అతనికి పార్కిన్సన్స్ జబ్బు ఉందని లోకానికి అప్పటికి ఎనిమిదేళ్ళుగా తెలుసు. అయినా రేడియో వ్యాఖ్యాత రష్ లింబా ఆ ప్రకటన చూసి, అతను నటిస్తున్నాడనీ, లేదంటే మందు వేసుకోకుండా వచ్చాడనీ ఆరోపించాడు. తర్వాత ఒక టీవీ ఇంటర్వ్యూలో ఫాక్స్ చెప్పిన సంగతితో ఆరోపణ తలకిందులైంది. ఆ ఊగులాట మందు వేసుకున్నందువల్లే వచ్చింది. రాజకీయం సంగతి ఎలా ఉన్నా, ఈ వివాదం అడుగున ఒక పాత తాత్త్విక ప్రశ్న ఉంది. దేహంలో కదలిక కనబడితే దాన్ని ఆ మనిషి చేసిన పనిగా ఎప్పుడు లెక్కగట్టాలి? చూసేవాడికి కనబడేది చేయి ఊగడం ఒక్కటే. దాని వెనక ఉద్దేశాన్ని అతనే ఊహించి పెడతాడు. నటిస్తున్నాడన్నా, తాగి వచ్చాడన్నా, మనసు కుదురుగా లేదన్నా, అమ్మవారు పూనిందన్నా ఆ తీర్పులన్నిటికీ పునాది ఒకటే: దేహం కదిలిందంటే లోపల ఎవరో కదిపారన్న నమ్మకం. ఈ నమ్మకం నిలవదని మన దర్శనాలు ఎప్పుడో చెప్పాయి. కానీ పార్కిన్సన్స్ మందు తెచ్చే కదలికలు ఆ పాత చర్చకు కొత్త మెలిక పెట్టాయి. ఇక్కడ మనిషి కదలికను తలపెట్టలేదు. కదలికకు కారణమైన మాత్రను మాత్రం తెలిసే మింగాడు.

ముందు ఆ మాత్ర సంగతి. ఈ జబ్బులో మెదడు అడుగుభాగాన ఉన్న ఒక నల్లని కణాల గుంపు ఏళ్ళ తరబడి నశిస్తూ పోతుంది. కదలిక సాఫీగా సాగడానికి కావలసిన డోపమిన్ అక్కడే తయారవుతుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే జబ్బును వర్ణించినా, లోపించిన పదార్థం ఏదో తెలియడానికి మరో నూట నలభై ఏళ్ళు పట్టింది. ఆ అన్వేషణలో మన నేల మీది మొక్కలు రెండింటికి చోటుంది. సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్ ఎక్కిస్తే కుందేళ్ళు కదలిక లేకుండా పడిపోతాయనీ, డోపమిన్‌గా మారే డోపా ఇస్తే తిరిగి లేస్తాయనీ 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. దూలగొండి గింజల నుంచి ఆ డోపానే, అంటే ఇప్పటి మాత్రలోని లెవోడోపాను, అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. 1961లో వియన్నాలో బిర్క్‌మాయర్, హోర్నికీవిచ్ దాన్ని సూదిమందుగా రోగులకు ఇచ్చారు. 1967లో అమెరికాలో జార్జి కొట్సియాస్ నోటి మందుగా మోతాదును మెల్లమెల్లగా పెంచి నిలకడైన ఫలితం సాధించాడు. మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు. ఆ తొలి ఏళ్ళ నివేదికల్లోనే, లేచి నడిచినవాళ్ళ దేహాల్లో వాళ్ళు కోరని కదలికలు మొదలయ్యాయన్న మాట కూడా చేరింది.

డాక్టర్లు దీన్ని డిస్కైనీషియా అంటారు. జబ్బు తెచ్చే వణుకు వేరు, ఇది వేరు. వణుకు ఒక లయలో, ఎక్కువగా ఊరికే ఒడిలో పెట్టుకున్న చేతిలో వస్తుంది. ఇది మెలికలు తిరుగుతూ మెడ నుంచి భుజానికి, భుజం నుంచి నడుముకు పాకుతుంది. చాలామందిలో మాత్ర బాగా పనిచేస్తున్న వేళే ఎక్కువగా ఉంటుంది. కొందరిలో మాత్ర ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కనబడుతుంది. నిద్రలో ఆగిపోతుంది. మాట్లాడితే, మనసులో లెక్క కడితే, కంగారు పడితే పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు డోపమిన్‌ను దాచుకుని అవసరం మేరకు వదులుతుంది. దాచుకునే కణాలు పోయాక, రక్తంలో మందు ఎంత ఉంటే మెదడులో డోపమిన్ అంతే. రక్తంలో లెవోడోపా గంటా గంటన్నరలో సగానికి పడిపోతుంది. పైగా మామూలుగా డోపమిన్‌తో పనిలేని సెరటోనిన్ కణాలు కూడా ఆ మందును డోపమిన్‌గా మార్చి, అదుపు లేకుండా వదిలేస్తాయి. పూటకు ఇన్నిసార్లు వచ్చే ఈ ఎగుడుదిగుళ్ళకు ఏళ్ళపాటు లోనైన మెదడు, పాత మోతాదుకే అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. మందు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరేళ్ళలో సుమారు 40 శాతం మందిలో ఇది కనబడుతుందని పలు అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు తేల్చారు. అంటే నడిపించే మందే ఊగిస్తుంది. రెండు పనులూ ఒకే రసాయనం, ఒకే దారిలో చేస్తుంది. తాత్త్వికుడికి ఇందులో ఆసక్తి కలిగించే సంగతి ఇదే. రోగి లేచి వెళ్ళి తలుపు తీసినప్పుడు ఆ నడకా మాత్ర ఇచ్చిందే, నడుస్తుంటే మెలికలు తిరిగిన భుజమూ మాత్ర ఇచ్చిందే. పుట్టుకను బట్టి చూస్తే రెండిటికీ తేడా లేదు. అయినా మొదటిది అతని పని, రెండోది కాదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

కణాదుడి వైశేషిక సూత్రాల ఐదో అధ్యాయం ప్రధానంగా కదలికల గురించే. అది రోకలి పట్టిన చేతితో మొదలవుతుంది. చేయి పైకి లేచిందంటే దానికి ఆత్మ చేసిన ప్రయత్నం కారణం. చేతితో పాటు రోకలి లేస్తుంది. రోకలి రోట్లో పడి ఎగసినప్పుడు దానితో పాటు చేయి కూడా ఎగురుతుంది. ఈ రెండోసారి లేవడానికి దెబ్బ కారణం, ప్రయత్నం కాదు. చేయి అదే, దిక్కు అదే, పక్కన నిలబడి చూసేవాడికి తేడా దొరకదు. దొరకకపోయినా తేడా ఉందని కణాదుడు పట్టుబట్టాడు. అదే వరసలో పసిబిడ్డ కాళ్ళాడించడాన్నీ, నిద్రపోయేవాడి దేహం కదలడాన్నీ చర్చించి, ప్రయత్నం లేకుండానే దేహంలో కదలిక ఉండవచ్చని ఒప్పుకున్నాడు. తర్వాత వచ్చిన ప్రశస్తపాదుడు ప్రయత్నాన్నే రెండుగా విడదీశాడు. నిద్రలో కూడా ఊపిరిని నడిపించేది ఒకటి, బతుకు మీద ఆధారపడినది. ఇష్టం నుంచో ద్వేషం నుంచో పుట్టేది రెండోది. న్యాయదర్శనం ఈ రెండోదానికి ఒక వరస చెప్పింది: ముందు తెలియడం, తర్వాత కోరడం, తర్వాత ప్రయత్నం, చివరికి దేహపు చేష్ట. తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు చేతిలోనూ ఇదే చట్రం. ఈ సంప్రదాయంలో చేష్ట అంటే ఏ కదలికైనా కాదు. మేలు పొందడానికో కీడు తప్పించుకోవడానికో జరిగే కదలికకే ఆ పేరు. ఇప్పుడు డిస్కైనీషియాను ఈ చట్రంలో పెట్టి చూడండి. అందులో కోరిక లేదు, పొందవలసిందీ లేదు, తప్పించుకోవలసిందీ లేదు. ఊపిరిలా బతుకును నిలబెట్టేదీ కాదు. కణాదుడి లెక్కలో అది రోకలితో పాటు ఎగిరిన చేతి జాతికి చెందుతుంది. తలుపు దాకా నడిచిన నడక మాత్రం, మాత్ర సాయం ఎంత ఉన్నా, తెలియడం నుంచి చేష్ట దాకా వరస తెగకుండా సాగింది. కదలిక ఎవరిదో తేల్చేది అది పుట్టిన చోటు కాదనీ, అది ఏ ప్రయోజనానికి కట్టుబడి సాగిందో అదేననీ నా వాదన. ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవేమీ కావు.

మొదటిది అందరికీ తట్టేదే. మాత్ర మింగింది అతనే కదా, ఊగులాట వస్తుందని తెలిసే మింగాడు కదా. తాగి తూలేవాడి తూలుడుకు వాడిదే బాధ్యత అంటున్నప్పుడు ఇతన్ని ఎందుకు వదలాలి? తాగినవాడు కోరుకున్నది మత్తును, తూలుడు ఆ మత్తులో భాగం. పార్కిన్సన్స్ రోగి కోరుకున్నది కదలికను; ఊగులాట ఆ కదలికకు అవరోధం. ముందే తెలిసినది, తలపెట్టినది ఒకటి కావు. ఏ పని మొదలుపెట్టినా దానితో ఏదో ఒక దోషం అంటుకునే వస్తుందనీ, ఆ కారణంగా చేయవలసిన పనిని విడిచిపెట్టరాదనీ గీత చివరి అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది ఈ విషయమే. క్రైస్తవంలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి రాస్తూ ఇదే తేడాను ఆధారం చేసుకున్నాడు: ఒకే పనికి రెండు ఫలితాలున్నప్పుడు, ఉద్దేశించిన ఫలితమే పని స్వభావాన్ని నిర్ణయిస్తుంది. ఫాక్స్ జీవితంలోనే దీనికి మరో ఉదాహరణ ఉంది. 1999లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు పరిశోధన నిధుల కోసం సాక్ష్యం చెప్పినప్పుడు అతను మందు వేసుకోకుండా వెళ్ళాడు. జబ్బు నిజరూపం చట్టసభ సభ్యులకు కనబడాలని కావాలనే అలా చేశానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆనాటి వణుకు అతను తలపెట్టింది కాదు, దాన్ని చూపించడం మాత్రం ముమ్మాటికీ అతను చేసిన పని. 2006లో మందు వేసుకునే వచ్చాడు, ఊగులాటను చూపించాలనుకోలేదు. రెండుసార్లూ దేహం అదుపు తప్పి కదిలింది. కదలికలను మాత్రమే చూసే కన్నుకు ఆ రెండు సందర్భాలూ ఒకటే. విచిత్రమేమిటంటే లింబా ఆరోపణలో సగం 1999కి సరిపోయేది. అప్పుడు కూడా అది మోసం కాదు, సాక్ష్యం.

రెండో అభ్యంతరం ఆస్తికుల వైపు నుంచి, అదీ మంచి చదువరుల నుంచి వస్తుంది. అన్ని కర్మలూ ప్రకృతి గుణాలే చేస్తున్నాయి, అహంకారంతో మూఢుడైనవాడే తాను కర్తననుకుంటాడు అని గీత మూడో అధ్యాయం చెబుతుంటే, ఒక కదలిక అతనిది, మరొకటి కాదు అన్న వాటాలు దేనికి? నడకా అతనిది కాదు, ఊగులాటా అతనిది కాదు, జబ్బు ఆ సత్యాన్ని బయటపెట్టింది, అంతే అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ప్రతి కర్మకూ ఐదు కారణాలు లెక్కగట్టింది: ఆధారమైన దేహం, కర్త, ఇంద్రియాలనే సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. కర్తను జాబితా నుంచి కొట్టేయలేదు, ఐదుగురిలో ఒకణ్ణి చేసింది. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడడం లేదని అక్కడే అంది. చేష్టలను కర్త నుంచి వేరుగా లెక్కించడం గమనించదగింది. శంకరులు తమ భాష్యంలో ఆ చేష్టలను ప్రాణాపానాది వాయువుల వ్యాపారాలుగా వివరించారు. అంటే దేహంలో జరిగే క్రియ అంతా కర్త ఖాతాలో పడదన్న అవగాహన భాష్యకారులకు ఉంది. డిస్కైనీషియాలో ఆ ఐదూ విడివిడిగా పరచినట్టు కనబడతాయి. దేహం ఉంది, సాధనాలున్నాయి, చేష్ట విపరీతంగా ఉంది, కర్త మాత్రం ఆ క్రియలో లేడు. మామూలు పనిలో ఐదూ కలిసే ఉంటాయి కాబట్టి వాటిని విడదీసి చూడలేం. ఇక నేను కర్తను కాను అన్న ఉపదేశం సంగతి. అది చేయగలిగి చేస్తున్నవాడి అహంకారాన్ని తగ్గించడానికి చెప్పింది. విల్లు పట్టగలిగినవాడికి రథం మీద చెప్పింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి అరగంట పోరాడేవాడి దగ్గరకు వెళ్ళి, నాయనా నువ్వు కర్తవు కావు అనడం వేదాంతం కాదు, మొరటుతనం.

భౌతికవాది అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చి, చివరికి అక్కడికే చేరుతుంది. ఇష్టంతో చేసిన కదలిక, ఇష్టం లేని కదలిక అన్న తేడానే భ్రమ, రెండూ న్యూరాన్ల పనే అంటాడు. సాక్ష్యంగా బెంజమిన్ లిబెట్ 1983 నాటి ప్రయోగం చూపిస్తాడు. వేలు కదపాలన్న సంకల్పం మనిషికి స్ఫురించడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలైందని ఆ ప్రయోగం తేల్చింది. అయితే సంకల్పం మెదడులోనే పుట్టిందని ఒప్పుకున్నంత మాత్రాన అది సంకల్పం కాకుండా పోదు. 2012లో ఆరన్ షర్గర్ బృందం ఆ సన్నాహాన్ని మెదడులో సహజంగా జరిగే ఒడుదొడుకులతోనే వివరించవచ్చనీ, నిర్ణయం అప్పుడే జరిగిపోయిందని చెప్పనక్కర్లేదనీ చూపింది. నాకు ఇంకా గట్టిగా తోచే జవాబు రోగుల దగ్గరే ఉంది. తమ దేహం ఊగుతున్న సంగతి చాలామంది రోగులు గమనించరు, గమనించినా ఎంత ఊగుతున్నదీ తెలియదు. వీడియోలో చూసుకుని ఆశ్చర్యపోవడం వైద్యులకు పరిచితమే. నాది అన్న అనుభూతి ఉందా లేదా అన్నదే కర్తృత్వానికి గీటురాయి అయితే, ఇక్కడ చిక్కు వస్తుంది, ఎందుకంటే ఆ ఊగులాట పరాయిదిగా కూడా తోచడం లేదు. అనుభూతి మీద కట్టిన వాదాలు, అవి లిబెట్ వైపువైనా ఎదుటి వైపువైనా, ఈ రోగుల ముందు తడబడతాయి. ప్రయోజనం మీద కట్టిన నైయాయికుల వాదం తడబడదు. తెలియకపోయినా ఆ కదలికకు ప్రయోజనం లేదు, కాబట్టి అది అతని చేష్ట కాదు.

నాలుగోది కర్మవాదం. అంతా పూర్వజన్మ కర్మ, కాబట్టి ఒక రకంగా ఆ కదలికా అతనిదే అనేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. కర్మసిద్ధాంతాన్ని ఇక్కడ ఖండించవలసిన పని లేదు, దాన్ని ఆ సిద్ధాంతం తెలిసినవాళ్ళలా వాడితే చాలు. ఫలం అనుభవించడం వేరు, కర్మ చేయడం వేరు. భోక్తృత్వాన్ని కర్తృత్వంగా చదివితే ఫలం అనుభవించిన ప్రతిసారీ కొత్త పాపం పోగుపడాలి, అలా ఏ శాస్త్రమూ చెప్పలేదు. చరకుడు విమానస్థానంలో ఆయుర్దాయం గురించి చెబుతూ దైవమూ పురుషకారమూ రెండూ కలిసే ఫలితం తేలుస్తాయన్నాడు; అంతా ముందే నిర్ణయమైపోతే ఓషధులకూ శాంతులకూ అర్థం ఉండదని వాదించాడు. వైద్యుడు కాబట్టి అలా అనక తప్పదని ఎవరైనా నవ్వవచ్చు. కానీ మాత్ర మింగే రోగి చేస్తున్నది సరిగ్గా పురుషకారమే. కర్మ పేరుతో మరో పొరపాటు కూడా సాగుతోంది. మందు వేసుకోవడం మొదలుపెడితేనే ఈ ఊగులాట మొదలవుతుందనీ, వీలైనంత కాలం మందు లేకుండా ఓర్చుకోవడమే పుణ్యమనీ కుటుంబాలు నమ్ముతాయి. 2014లో వెలువడిన ఒక అధ్యయనం ఘనా, ఇటలీ దేశాల రోగులను పోల్చింది. ఘనాలో మందు అందక సగటున నాలుగేళ్ళు దాటాక మొదలుపెట్టారు, ఇటలీలో అంతకంటే ముందే మొదలైంది. జబ్బు మొదలై ఎంతకాలానికి ఊగులాట వచ్చిందని చూస్తే మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. 2019లో ఫలితాలు వెలువడిన నెదర్లాండ్స్ పరీక్షలో కూడా మందును ముందు మొదలుపెట్టినవాళ్ళకూ నలభై వారాలు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకూ ఈ విషయంలో తేడా కనబడలేదు. జబ్బు ముదరడం, మోతాదు ఎక్కువ కావడం ఇందులో పెద్ద కారణాలు. ఆలస్యం చేసి ఓర్చుకున్న ఏళ్ళు చాలావరకు వృథాగా పడ్డ బాధ. ఇదే వరసలో, దూలగొండి పొడి ప్రకృతి సిద్ధం కాబట్టి దానితో ఈ బెడద ఉండదనే ప్రచారం కూడా పరిశీలనకు నిలవదు. గింజలో ఉన్నదీ మాత్రలో ఉన్నదీ ఒకే అణువు. గింజలో ఎంత ఉందో కొలిచి వేసుకునే వీలు తక్కువ కూడా.

ఇంతవరకు చెప్పినదానికంటే మన ధార్మిక జీవితానికి దగ్గరైన సంగతి మరొకటి ఉంది. కదలని దేహాన్ని మనం గౌరవిస్తాం. నిశ్చలంగా కూర్చున్నవాణ్ణి చూస్తే మనసు కుదిరినవాడనుకుంటాం. పురాణ కాలక్షేపంలో అటూ ఇటూ ఊగేవాణ్ణి చూస్తే భక్తి లేదనుకుంటాం. పార్కిన్సన్స్ ఈ కొలతను రెండు వైపుల నుంచీ విరగ్గొడుతుంది. మాత్ర ప్రభావం దిగిపోయిన వేళను రోగులు ఆఫ్ అంటారు. ఆ వేళ దేహం బిగుసుకుపోతుంది, ముఖంలో కవళిక కదలదు, రెప్ప కూడా తక్కువ వేస్తారు. బయటినుంచి చూస్తే యోగి. లోపల మాత్రం ఆందోళన, భయం, ఒళ్ళంతా నొప్పి చాలామందికి అప్పుడే ఎక్కువ. మాత్ర ఎక్కాక ఆన్ అంటారు. అప్పుడు దేహం ఊగుతుంటుంది, మనసు తేటపడుతుంది, మాట వస్తుంది, మనవడితో పేకాట సాగుతుంది. బయటి నిశ్చలత లోపలి శాంతికి గుర్తు అన్న సూత్రం ఇంత స్పష్టంగా తప్పే సందర్భం మరొకటి దొరకడం కష్టం. గీత రెండో అధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న గుర్తుచేసుకోవాలి. స్థితప్రజ్ఞుడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని అతను బయటి గుర్తులే అడిగాడు. జవాబులో కృష్ణుడు కోరికల గురించి, సుఖదుఃఖాల గురించి, రాగద్వేషాల గురించి చెప్పాడు. కాళ్ళూ చేతులూ ఎలా ఉండాలో చెప్పలేదు. ఆరో అధ్యాయంలో నడుము, మెడ, తల నిటారుగా కదలకుండా నిలపమన్నాడు కదా అని పండితులు అడగవచ్చు. అది సాధన చేసేవాడికి చెప్పిన ఉపాయం, సిద్ధి పొందినవాడికి చెప్పిన లక్షణం కాదు. బ్రహ్మసూత్రాలు నాలుగో అధ్యాయం మొదటి పాదంలో ఉపాసన కూర్చునే చేయాలన్నాయి, కారణం ఏకాగ్రత కుదరడం. దేశకాలాల విషయానికి వచ్చేసరికి, ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అక్కడే, ప్రత్యేక నియమం లేదన్నాయి. నియమాన్ని దాని కారణం నడిపిస్తుంది తప్ప కారణాన్ని నియమం నడిపించదు. మాత్ర వేసుకుని ఊగుతూ జపం చేసేవాడికి ఏకాగ్రత కుదిరితే, మాత్ర మానేసి బిగుసుకుని కూర్చోమనే శాస్త్రం ఏదీ లేదు.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. డోపమిన్ మందులు కదలికలనే కాదు, కొందరిలో కోరికలనూ మారుస్తాయి. ముఖ్యంగా డోపమిన్ అగోనిస్టులు అనే తరగతి మందులతో జూదం, విపరీతమైన కొనుగోళ్ళు, అదుపు లేని తిండి, కామం బయటపడతాయి. 2010లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో అమెరికా, కెనడాలకు చెందిన 3,090 మంది రోగులను పరిశీలిస్తే 13.6 శాతం మందిలో ఇలాంటివి ఏదో ఒకటి కనబడింది. అగోనిస్టులు వాడేవాళ్ళలో 17.1 శాతం, వాడనివాళ్ళలో 6.9 శాతం. ఇక్కడ నైయాయికుల వరస తెగలేదు. తెలుసు, కోరాడు, ప్రయత్నించాడు, లాటరీ టిక్కెట్టు కొన్నాడు. ప్రయోజనమే గీటురాయి అన్న నా లెక్క ప్రకారం అది అతని పనే అవుతుంది. అవుతుందనే ఒప్పుకుంటాను. కానీ పని అతనిదైనంత మాత్రాన దాని భారం అంతా అతనిదే అని కాదు. కోరిక ఎక్కడి నుంచి వచ్చిందన్నది కదలిక విషయంలో అనవసరమైనా, నింద విషయంలో అవసరమే. మందు మార్చగానే చాలామందిలో ఆ కోరిక తగ్గిపోతుందంటే, అది అతని స్వభావపు లోతుల్లోంచి వచ్చింది కాదని అర్థం. ఇక్కడ నేను గీత ఐదు కారణాల లెక్కకే తిరిగి వెళతాను: కర్త ఉన్నాడు, ఒంటరిగా లేడు. ఈ ప్రమాదం గురించి ముందే చెప్పని డాక్టరూ, గమనించి కూడా సిగ్గుతో దాచిన కుటుంబమూ ఆ భారంలో వాటాదారులే.

ఇదంతా వట్టి తర్కం కాదనడానికి మాత్ర మోతాదే సాక్ష్యం. ఊగులాట ఎక్కువైనప్పుడు చేయదగిన పనులు వైద్యానికి తెలుసు. మోతాదును చిన్నచిన్న భాగాలుగా చేసి ఎక్కువసార్లు ఇవ్వవచ్చు. ఒకప్పుడు ఫ్లూకు వాడిన అమాంటడీన్ ఇవ్వవచ్చు. తగినవాళ్ళకు మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే చికిత్స ఉంది. మొత్తం మందు తగ్గించడం కూడా ఒక దారి, దానికి వెల నడక. ఆ బేరంలో ఎవరి మాట చెల్లాలి? తేలికపాటి ఊగులాటతో తిరగగలగడమా, ఊగకుండా కుర్చీలో బిగుసుకుపోవడమా అని అడిగితే, రోగులు ఎక్కువమంది మొదటిదే కోరుకుంటారని వైద్యులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు. ఊగులాట రోగికంటే పక్కవాళ్ళను ఎక్కువ బాధపెడుతుంది. పెళ్ళిలో నలుగురూ చూస్తారని, గుడి క్యూలో వెనకవాళ్ళు ఏమనుకుంటారోనని మోతాదు తగ్గించమని అడిగేది తరచూ ఇంట్లోవాళ్ళే. వాళ్ళ ప్రేమను శంకించనక్కర్లేదు. కానీ ఆ కోరిక వెనక ఉన్నది దేహం కుదురుగా ఉంటే మనిషి కుదురుగా ఉన్నట్టే అన్న పాత పొరపాటు. ఊగులాట రోగి చేసిన పని కాదు. ఊగులాటను భరించి నడకను ఎంచుకోవడం అతను చేసిన పని, బహుశా ఆ రోజుకు అతను చేయగలిగిన వాటిలో అన్నిటికంటే స్వతంత్రమైనది. ఎముకలు విరిగేంత, తిండి నోటికి అందనంత తీవ్రంగా ఉంటే సంగతి వేరు, అప్పుడు అతనే తగ్గించమంటాడు. మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే, ఈసారి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళే ముందు వాళ్ళను కూర్చోబెట్టుకుని, ఏ వేళ ఎలా ఉండటం తమకు సమ్మతమో అడగండి. డాక్టరు గదిలో ఆ జవాబును వాళ్ళ నోటితోనే చెప్పనివ్వండి, మాట నెమ్మదిగా వచ్చినా సరే. అంతేగానీ, ఇంట్లో మీరే మాత్ర ఆపేయకండి. లెవోడోపాను ఒక్కసారిగా మానేస్తే తీవ్రమైన జ్వరం, ఒళ్ళు కొయ్యబారడంతో ప్రాణం మీదికి రావచ్చు.